పాకం రుచి

జగదీశ్వరరావు మావయ్యకి,

నాన్నకి షుగరని మీ బెల్లం గానుగలో పాకం పని మాన్పించకండి. ఖాళీగా కూర్చుంటే ఇంకా నీరసపడతాడు. టీలో పంచదార మానేసి, అంబలి తాగి, రోజూ బలిఘట్టం దాకా నడిచినా షుగరెందుకు తగ్గలేదో మొన్న గానుగకి వచ్చాకే తెలిసింది. పాకం వండిన ప్రతిసారీ నాలిక్కి రాసుకుంటున్నాడు! అడిగితే, "రుచి సూడ్డం తినడమేటే, పిచ్చిమొకమా?" అన్నాడు.

నిన్న నీళ్ల గిన్నె పక్కన పెట్టాను. చుక్క పాకం అందులో వేసి, అది ఉండ కట్టాకే పెనం దించాడు. ఈ సీజనంతా ఇలాగే చేస్తానని ఒప్పుకున్నాడు, మీరూ ఒప్పుకోండి.

బెల్లం దిమ్మ ఆరాక ముక్క విరిచి నాకిచ్చి, "బేగి సెప్పు, ఎలాగుంది?" అన్నాడు. బాగుందన్నాను. నవ్వి, బెల్లమంటిన వేళ్లు లుంగీకి తుడుచుకున్నాడు.

మీ మేనకోడలు