ముసలిది అను మాటకు సంజాయిషీ

పోలీసు ఠాణా అధికారి గారికి, బజారు చివర పిండి మర నడుపుకొనేవాడు వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: నా భార్య మాట్లాడిన ఇరవై రెండు సెకన్ల వీడియోను, మీద వేసిన పాట తీసివేయించి, మొదట ఉన్నట్టుగా చానల్ వారి నుండి తెప్పించుట గురించి.

1. గత నెల రెండో సోమవారం తెల్లవారినప్పటి నుండి ముసురు. జొన్నలు మెత్తబడి పిండి రాళ్లకు అంటుకొనుచున్నది. నేను తొట్టి వద్ద, నా భార్య జల్లెడ వద్ద ఉన్నాము. మా అమ్మ గుమ్మంలో స్టూలు మీద కూర్చుని సంచులకు మూతులు కట్టుచున్నది. పది గంటలకు మోటారు కాలిపోయినది. మెకానిక్ చూసి, "ఇంక దీన్ని కెలక్కండి. పాత ఇనుముకి వేసుకోండి" అని వెళ్లినాడు.

2. సదరు మర వయసు ముప్పై ఒక్క సంవత్సరాలు. దానికి ముసలిది అని పేరు పెట్టినది మా అమ్మే. "ఈ కొంపలో ముసలివి రెండున్నాయే కోడలా. ఏది ముందు పోతుందో చూద్దాం" అనేది. "మిమ్మల్ని పాత ఇనుముకి కూడా ఎవరూ తీసుకోరు అత్తయ్యా" అని నా భార్య. వారిద్దరికీ ఇటువంటి మాటలు లేని రోజు లేదు.

3. పిండి పట్టించుకొనేవారికి మర వేళలు తెలియుటకు నా భార్య ఫోనులో చిన్న వీడియోలు పెట్టేది. చూసేవారు నూట ఎనభై మంది. ఆ రోజు, "ముసలిది పోయిందండీ! పీడ విరగడైంది. ఎల్లుండి కొత్తది దిగుతుంది, అప్పటిదాకా కాస్త ఓపిక పట్టండి" అని చెప్పి నవ్వినది. పద్నాలుగో సెకనులో గుమ్మం వైపు నుండి మరొక నవ్వు వినిపించును. అది మా అమ్మది. నవ్వు వెనక దగ్గు. వానకు సిగ్నల్ లేక వీడియో వెళ్లలేదు. నా భార్య ఫోను జల్లెడ పక్కన పెట్టి పనిలో మరిచిపోయినది.

4. నాలుగు గంటలకు మా అమ్మ ఛాతీ పట్టుకొని పడుకొన్నది. డాక్టరు వచ్చేసరికి ప్రాణం లేదు. ఆరుంబావుకు వాన తెరిపి ఇచ్చి, సిగ్నల్ వచ్చి, వీడియో దానంతట అదే వెళ్లినది. అప్పటికి శవం వసారాలో ఉన్నది.

మన భాషలో ఆడమనిషి చనిపోయినా పోయింది అంటారు, యంత్రం చెడినా పోయింది అంటారు. మా అమ్మ ఆ మరకు ముసలోడు అని పేరు పెట్టి ఉంటే ఈ అర్జీ అవసరం వచ్చేది కాదు.

5. మరునాడు ఉదయం ఏడు గంటలకు మా పెద్దనాన్న ఫోను నా ముఖం మీదకు తెచ్చి, "శవం లేవనేలేదు, అప్పుడే పీడ విరగడైందటరా నీ పెళ్లానికి? అది దగ్గరికొస్తే నేను మోయను" అన్నాడు. వాకిట్లో నలభై మంది ఉన్నారు. అది మర గురించి అని నేను చెప్పవలసినది. చెప్పలేదు. "కాసేపు మరలో ఉండవే" అని ఆమెను లోపలికి పంపి, బయట గడియ పెట్టినాను. తొమ్మిదింటికి శవం లేచినది. లోపలి నుండి నా భార్య తలుపు మూడుసార్లు కొట్టినది. తీయలేదు. ఇది ఫిర్యాదు కిందకు రాదు. వరుసలో ఇక్కడ జరిగినందున ఇక్కడ వ్రాసినాను.

6. ఆ మధ్యలో ఎనిమిది గంటలకు చానల్ విలేకరి వచ్చి మైకు పెట్టినాడు. "ముసలిదంటే ఎవరన్నా?" అన్నాడు. వాకిట్లో చెప్పలేనిది మైకుకు చెప్పినాను. "మా అమ్మ పెట్టిన పేరండీ, మరకి" అన్నాను. సాయంత్రం ప్రసారమైనది "మా అమ్మ" వరకే. వీడియోలో తొట్టి అంచు కనబడకుండా ముఖం వరకు కోసి, మీద ఏడుపు పాట వేసినారు. కింద పెద్ద అక్షరాలతో "శవం పక్కన కోడలి సంబరం" అని వ్రాసినారు. నలుగురు పెద్దమనుషులు కూర్చుని నలభై నిమిషాలు చర్చించినారు. వారిలో ఒకాయన, "ఇది మనిషి నవ్వేనా, చెప్పండి!" అన్నప్పుడల్లా నా భార్య ముఖాన్ని ఆపి చూపినారు. ఏడుసార్లు చూపినారు.

7. బుధవారం తమ కానిస్టేబులు గారు వచ్చి, "ముందు అది తీసెయ్యమ్మా, గొడవ చల్లారుతుంది" అనగా ఆమె వీడియోను ఫోనులో కూడా లేకుండా తీసివేసినది. శనివారం తమ ఠాణా నుండి నోటీసు వచ్చినది. అందులో, సదరు వీడియోను ఏ దురుద్దేశంతో తొలగించితివి అని అడిగినారు. అయ్యా, పాట లేని వీడియో ఇప్పుడు మా వద్ద లేదు. మా అమ్మ గొంతు మా వద్ద ఇంకెక్కడా లేదు.

8. కొత్త మర దిగినది. గింజలు రావడం లేదు. ఎదురింటావిడ ఒక్కతె గుమ్మం దాకా వచ్చి, "మీ పిండి తింటే మా అత్త కూడా పోతుందా? గ్యారంటీ ఇస్తే రెండు బస్తాలు పంపిస్తా" అన్నది. బజారంతా నవ్వినారు. వారి నవ్వు మీద చర్చ పెట్టినవారు లేరు. నా భార్య జల్లెడ కడిగి బోర్లించినది.

కావున తాము చానల్ వారిని పిలిపించి, పాట తీయించి, పద్నాలుగో సెకను ఒక్కసారి స్వయంగా వినవలెను. అందులో నవ్వులు రెండున్నవి. రెండోది విన్న తరువాత నా భార్యను ఏమి అడగవలెనో తామే నిర్ణయించవలెను. ఇంతమంది చూసినారు గాని విన్నవారు లేనందున, తాము చెవితో చిత్తగించవలెనని కోరుచున్నాను.

తమ విధేయుడు,
పిండి మర వాడు

మరొక మనవి: నోటీసు ప్రకారం ఆమె వచ్చే సోమవారం పది గంటలకు హాజరు కావలసి ఉన్నది. ఈ అర్జీ నిన్న ఆమెకు చదివి వినిపించినాను. ఐదో అంశం వద్ద ఆపి, "తలుపు ఎన్నిసార్లు కొట్టానని రాశారు?" అని అడిగినది. మూడు అన్నాను.

"మూడు మీకు వినిపించినవి" అన్నది.

సరైన లెక్క ఆమె చెప్పలేదు. అందువల్ల దిద్దలేదు. ఈ ఉదయం ఆరూ నలభై బస్సుకు ఆమె వెళ్లిపోయినది.