గంప కింది బూటు అచ్చులు

తహశీల్దారు గారికి, కట్టంగూర్ పక్క పల్లె నుంచి ఒక గొర్లకాపరి మనవి.

అయ్యా, యుద్ధం వస్తే దాక్కోవడానికి తవ్వించిన గుంతలో మొన్న మాకు తాలీము ఇచ్చారు. బాంబు పడితే విషపు దుమ్ము బట్టలకు, చెప్పులకు అంటి లోపలికి వస్తుందని చెప్పి, ఇదే ఆ విషం అనుకొమ్మని గుంత ముందు సున్నపు పొడి చల్లారు. మేమంతా గొంగళ్లు, చెప్పులు బయటే విడిచి, కాళ్లు కడుక్కుని దిగాము. నేర్పవచ్చిన సారు మాత్రం బూట్లతోనే దిగారు.

మా అవ్వ సత్తమ్మ ఊరుకోలేదు. "సారూ, గా విషం నీ బూట్లకు అంటదా?" అని అడిగింది. ఆయన "నోర్ముయ్ ముసలిదానా!" అని గద్దించి, ఈ ఊరివాళ్లకు శుభ్రం తెలియదని కాగితం రాసుకుపోయారు.

పక్క మందకు గాలికుంటు రోగం తగిలితే, కాళ్లు కడగనిదే ఎవరినీ మా దొడ్లోకి రానివ్వని మనిషి ఆమె!

ఆ కాగితం మీద సంతకం చేసేముందు ఒక్కసారి రండి. గుంత లోపల పడ్డ సారు సున్నపు బూటు అచ్చులు చెరగకుండా గంపలు బోర్లించి, అవ్వే కాపలా కూర్చుంది.