వెనక కట్టిన కారు

మార్చి 29, శనివారం

ఫణి మోటర్‌హోమ్ కొనేశాడు. నన్ను అడిగాడు అనడానికి లేదు, చెప్పాడంతే. పడకా వంటిల్లూ ఉన్న ముప్ఫై అడుగుల బండి మా డ్రైవ్‌వేలో నిలబడింది. కమ్మింగ్ ఊళ్ళో మా వీధి వీధంతా వాకింగ్ వంకతో వచ్చి చూసిపోతోంది. హెచ్.ఓ.ఏ. అనే కాలనీ సంఘం వాళ్ళ నోటీసు రేపో మాపో.

కిడ్నీలు పోయిన మొగుడు దేశం తిరుగుతానంటే ఏ పెళ్ళామైనా ఏం చేస్తుంది? అరిచాను. ట్రాన్స్‌ప్లాంట్ లిస్ట్‌లో నా వంతు వచ్చేదాకా సోఫాలో కూర్చోమంటావా జయంతీ అన్నాడు. ఆ మాట నిజం. అందుకే ఇంకా కోపంగా ఉంది.

ఏప్రిల్ 6, ఆదివారం

సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్. ఏ ఊరెళ్ళినా అక్కడి సెంటర్‌లో ముందే కుర్చీ బుక్ చేసుకోవాలి. బండి నిలుపుకునే క్యాంప్‌గ్రౌండ్ నుంచి సెంటర్‌కి ఈ ఏనుగును తోలుకెళ్ళలేం. అందుకని వెనక ఒక కారు కట్టుకుపోవాలి, నాలుగు చక్రాలూ రోడ్డు మీద దొర్లుతూ. ఫ్లాట్ టో అంటారట.

నా కారే కట్టేద్దామనుకున్నాను. అలా లాగొద్దని దాని మాన్యువల్‌లో పెద్ద అక్షరాలతో ఉంది. ఇంజన్ ఆగి ఉంటే గేర్‌బాక్స్‌కి ఆయిల్ అందక కాలిపోతుందట. ఇన్నేళ్ళు నడిపాను, దాని కడుపులో ఏముందో నాకు తెలియనే తెలియదు.

ఏప్రిల్ 12, శనివారం

గెయిన్స్‌విల్‌లో క్లచ్ ఉన్న చిన్న స్టిక్ షిఫ్ట్ కారు చూసొచ్చాడు. న్యూట్రల్‌లో పెట్టి లాక్కుపోవడమే, వేరే తంటా లేదన్నాడు. నేను అమెరికా వచ్చాకే డ్రైవింగ్ నేర్చుకున్నాను. కార్లో నా ఎడమకాలికి ఎప్పుడూ పని లేదు. డయాలసిస్ అయ్యాక ఇతనికి బీపీ పడిపోతుంది, కళ్ళు తిరుగుతాయి. అప్పుడు నడపాల్సింది నేనే కదా! నేర్చుకుంటావులే అన్నాడు, కొత్తరకం పచ్చడి నేర్చుకోమన్నంత తేలిగ్గా.

ఛస్తే నేర్చుకోనన్నాను.

మే 3, శనివారం

ఆటోమేటిక్ కొన్నాం. పాత ఎస్‌యూవీ, లాగొచ్చని కంపెనీ వాళ్ళే రాసిన మోడల్. ఒకటే షరతు. గేర్ న్యూట్రల్‌లో ఉండాలి. పార్క్‌లో ఉంటే ముందు చక్రాలు బిగుసుకుపోతాయి.

నేను గెలిచాను. ఫణి మొహం మాడ్చుకున్నాడు.

మే 17, శనివారం

రేపు ప్రయాణం. సోమవారం పొద్దున్న ఆరింటికి చట్టనూగా సెంటర్‌లో కుర్చీ. ఇక్కడి కుర్చీ వారం పాటు వేరేవాళ్ళకి ఇచ్చేశారు. శనాదివారాలు గడిచాక వచ్చే సోమవారం చాలా ముఖ్యం. అది తప్పితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఒకసారి చూశాను అది. మళ్ళీ చూడలేను.

మే 18, ఆదివారం, ఉదయం 9

కారు కట్టేశాం. న్యూట్రల్‌లో నేనే పెట్టాను, రెండుసార్లు చూసుకున్నాను. పక్కింటి స్మృతి వాళ్ళమ్మ శేషమ్మగారు ఒంగోలు నుంచి వచ్చి ఉన్నారు. పూజ లేకుండా కదలనిచ్చేది లేదన్నారు. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, రెండు బండ్ల చక్రాల ముందూ నిమ్మకాయలు. హారతిచ్చేటప్పుడు ఇంజన్లు ఆన్‌లో ఉండాలి నాయనా అన్నారు. మోటర్‌హోమ్ నేను స్టార్ట్ చేశాను, కారు ఫణి చేశాడు. హారతి అయింది, ఫణి కారు ఆపేసి వస్తున్నాడు. స్మృతి వీడియో తీస్తానని నిలబడింది. బయల్దేరుతున్నాం.

మధ్యాహ్నం 1

కాంటన్ దగ్గర రోడ్డు పక్కన ఉన్నాం. టో ట్రక్‌కి ఫోన్ చేశాం, ఇంకా రాలేదు.

మొదటినుంచీ బరువుగానే ఉంది. కారు లాగడమంటే ఇంతే కాబోలు అనుకున్నాను. వెనక ట్రక్కు అతను ఒకటే హారన్. అద్దంలో చూస్తే పొగ. కారు ముందు టైర్లు రెండూ పీలికలైపోయాయి. గేర్ పార్క్‌లో ఉంది. హారతయ్యాక ఇంజన్ ఆపుతూ అలవాటుకొద్దీ పార్క్‌లోకి తోసేశాడు మహానుభావుడు.

చావడానికి అంత తొందరేమిటి నీకు అన్నాను. నోరు జారింది. ఫణి రోడ్డంచున ఉన్న గార్డ్‌రెయిల్ మీద కూర్చుని బూట్లు విప్పుకున్నాడు. పాదాలు అప్పటికే ఉబ్బి ఉన్నాయి.

సాయంత్రం

టో ట్రక్ వచ్చి కారును తీసుకుపోయింది. ఇంటికెళ్తే రేపు కుర్చీ లేదు. ముందుకెళ్తే ఉంది. ముందుకే వచ్చాం.

స్మృతి పంపిన వీడియో ఇప్పుడే చూశాను. మోటర్‌హోమ్ కింద నిమ్మకాయలు చితికాయి, అందరూ చప్పట్లు కొట్టారు. వెనక కారు చక్రం తిరగడం లేదు. దాని ముందున్న నిమ్మకాయ చితక్కుండా అలాగే జారుకుంటూ పోతోంది. అటు ఎవరూ చూడలేదు. డ్రైవింగ్ సీట్లో కూర్చుని నవ్వుతున్న నేనూ చూడలేదు.

మే 19, సోమవారం

క్యాంప్‌గ్రౌండ్ కొండ మీద. తెల్లవారుజామున ఊబర్ వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు క్యాన్సిల్ చేశారు. ఫణి రాత్రంతా పడుకోలేదు, పడుకుంటే ఆయాసం. దిండ్లకి ఆనుకుని కూర్చునే ఉన్నాడు. అంబులెన్స్ కోసం 911కి చెయ్యనా అంటే ఇంకాసేపు చూద్దామన్నాడు. ఎవరి కోసం చూసేది? ఏనుగునే తీశాను. మలుపు మలుపుకీ గిన్నెలు దొర్లుతున్నాయి. వెనకనుంచి అతని ఊపిరి వినిపించినంతసేపూ భయం లేదు, వినిపించకపోతేనే భయం. ఫణీ, ఫణీ అని పిలుస్తూనే నడిపాను.

సెంటర్ పార్కింగ్‌లో అడ్డంగా ఆపేశాను. నర్సు వీల్‌చెయిర్‌తో పరుగున వచ్చింది. అతన్ని కుర్చీలో పడుకోబెట్టి మెషీన్ పెట్టాక బయటికొచ్చి, స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చాను.

మే 20, మంగళవారం

ఫణి సారీ చెప్పాడు. నీళ్ళయినా కొలిచే తాగాలి కదా. అతని కోటా అరకప్పు టీ, అది పెట్టిచ్చాను.

మే 27, మంగళవారం

ఇల్లు చేరాం. ఎస్‌యూవీ గేర్‌బాక్స్ లోపల విరిగిందట, ఇక పనికిరాదు. మోటర్‌హోమ్ అమ్మేద్దాం అన్నాడు ఫణి, నా వైపు చూడకుండా. ఆ మాట కోసం రెండు నెలలు పోట్లాడాను. తీరా వింటే వద్దనిపించింది.

గెయిన్స్‌విల్ కారు ఇంకా ఉందా అని నేనే ఫోన్ చేశాను. ఉంది.

జూన్ 1, ఆదివారం

హైస్కూల్ పార్కింగ్ లాట్‌లో క్లచ్ పాఠాలు. ఫణికి ఓపిక లేదు, నాకు సిగ్గు లేదు. కుదుపులకి అతని కళ్ళజోడు రెండుసార్లు ఊడింది.

జూన్ 8, ఆదివారం

శేషమ్మగారు మళ్ళీ నిమ్మకాయలు తెచ్చారు. కాస్త కదిలాక బండి ఆపి, దిగి, కారు దాకా నడిచి చూశాను. అన్నీ చితికాయి.

జూన్ 11, బుధవారం, ఆష్‌విల్

సెంటర్ నుంచి నేనే తీసుకొచ్చాను. సిగ్నల్ దగ్గర క్లచ్ వదలగానే కారు ఆగిపోయింది, మళ్ళీ ఆగిపోయింది. వెనకంతా హారన్లు. ఫణి కదల్లేదు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.

నిద్రే. ఫస్ట్ గేర్ వేశాను.