మా ఆటకు మూడో ఎడిషన్

జూలై 6, ఆదివారం
తమ్ముడు నవీన్ హైదరాబాద్ నుంచి వస్తూ మా ఆట నియమాల పుస్తకం, కొత్త ఎడిషన్, తెచ్చాడు. బస్సు దిగి నేరుగా సాజిదా టైలరింగ్ షాపు మీది గదికే. ఆదివారాలు మేం నలుగురం ఆడేది అక్కడే. బల్ల మీద పెట్టాడు. అట్ట మెరుస్తోంది.
"అక్కా, ఇగ గిదే ఆడాలె. పాతది ఎవ్వలు ఆడుతలేరు."
యాదన్న అట్ట తడిమాడు. "మొన్ననే గదా ఒకసారి మార్చిన్రు. మల్లెందుకు?"
ఎందుకో నేను చెప్పాలట. కథ చెప్పుకుంటూ ఆడే ఆట, నడిపేది నేను కదా. వాళ్లు ముగ్గురూ కథలో మనుషులు. పాచికలు వేస్తారు, గెలుస్తారు, చస్తారు. దారి, వాన, దొంగలు, రాజు — అవన్నీ నేనే. కాబట్టి చదవాల్సిందీ నేనే.

జూలై 8, మంగళవారం
కాలేజీలో పాఠాలు చెప్పి వచ్చి, ఈ పుస్తకం. అంతా ఇంగ్లిషు. యాదన్నకు రాదు. తన కరెంటు సామాన్ల షాపులో కూర్చుని నేను తెలుగులో రాసిచ్చిన నియమాలే చదువుకుంటాడు. రెండో ఎడిషన్ రాసివ్వడం మొన్న ఎండాకాలంలోనే అయింది... మళ్లీ మొదటి పేజీ.

జూలై 9
పాట తీసేశారు.
ఆటలో దెబ్బతిని పడిపోయినవాళ్లను పాటగాడు పాడి లేపడం — ఇక లేదు. కథలో యాదన్న ఆడే మనిషి పాటగాడే, ఒగ్గు మల్లయ్య. వాడు చేసేదే అది. మళ్లీ వెతికా. లేదు.

జూలై 10
నవీన్‌తో ఫోన్లో.
"ఎన్నేండ్లకోసారి మారుస్తర్రా? ఆడేటోళ్లకు ఇబ్బందైతే గద మార్చాలె."
"కొత్త బుక్కు రాకుంటే కంపెనీ మూతపడుతది. ఆట గూడ పోతది. అయినా పాతదాంట్ల పాటగాడుంటే ఎవ్వలు చావరు. భయం లేకుంటే అదేం ఆట?"
అదీ నిజమే. తర్వాత, మెల్లగా — "పాతదే అంటే నేను రాను అక్కా."
వాడు సిద్దిపేట మొహం చూసేదే ఈ ఆట కోసం.

జూలై 13, ఆదివారం
కొత్తది ఆడి చూశాం. పాట సంగతి యాదన్నకు ముందే చెప్పాల్సింది. నోరు రాలేదు.
వంతెన మీద దొంగలు. కథలో సాజిదా ఆడే విలుకత్తె బాణం వేస్తూనే పడిపోయింది. యాదన్న ఎప్పటిలాగే కళ్లు మూసుకుని పాట ఎత్తుకున్నాడు. నిజంగానే పాడతాడాయన. కింద షాపులో పనిపిల్ల కుట్టుమిషన్ కూడా ఆగింది. పాట అయ్యేదాకా కూర్చున్నా.
"యాదన్నా... కొత్తదాంట్ల గది లేదు."
"లేదంటే?"
"పాటతోటి లేవరు."
"రూల్ రూలే యాదన్నా," అన్నాడు నవీన్.
"అయితే నేను సచ్చినట్టేనా?" సాజిదా నవ్వబోయి ఊరుకుంది.
యాదన్న పాచికలు సంచిలో వేసుకున్నాడు. "షాపు తెరవాలె," అన్నాడు. ఆదివారం ఆయన షాపు తెరవడు.

జూలై 15
యాదన్న షాపుకు వెళ్లా. అక్కర్లేని బల్బు ఒకటి కొన్నా.
"కోపమచ్చిందా?"
"నీ మీద కోపమెందుకు చెల్లె, ఆ బుక్కు నువ్వు రాసినవా? కని మల్లయ్య ఇప్పుడేం జెయ్యాలె? అందరు కొట్లాడుతుంటె ఊకె నిలవడి చూడాల్నా?"
బల్బు పట్టుకుని వచ్చేశా.

జూలై 17
కొత్తదాంట్లో పాత పాట కలుపుదాం అన్నా నవీన్‌తో.
"కలుపు. అప్పుడు గది పాతదే అయితది."
పాతదైతే వీడు రాడు. కొత్తదైతే ఆయన రాడు. సాజిదాను అడిగితే — "నువ్వెట్లంటే గట్లనే." అంతా నా మీదికే. క్లాసులో లెక్క సగంలో వదిలి బోర్డు వైపే నిలబడిపోయా. పిల్లలు పిలిచారు.

జూలై 20, ఆదివారం
సాజిదా పిలిస్తే యాదన్న వచ్చాడు. నవీనూ వచ్చాడు. ఎదురెదురుగా కూర్చున్నారు. రెండు పుస్తకాలూ నా ముందే.
"ఏది?" యాదన్న.
"చెప్పు అక్కా."
ఏదో ఒకటి చెప్పేద్దామనే వెళ్లా. నోట్లోంచి వచ్చింది వేరు.
"ఇయ్యాల నేను ఆడుత. ఎవలన్న నడుపుండ్రి. పాతదో కొత్తదో, నడిపెటోళ్ల ఇష్టం."
సాజిదా కళ్లు పెద్దవి చేసింది. "నువ్వాడుతవా? ఎవలవు మరి?"
ఏమో. కథలో ఊరందరికీ పేర్లు పెట్టాను. నాకంటూ ఒకటి ఎప్పుడూ అనుకోలేదు.
పుస్తకాలు రెండూ బల్ల మధ్యకు తోశా. నవీన్ కొత్తది తెరిచాడు, మూశాడు. యాదన్న చేతులు ఒళ్లోనే. సాజిదా చాయ్ అంటూ కిందికి పోయింది.
నడపడానికి ఎవరూ పుస్తకం అందుకోలేదు...