విల్ఫ్ బావగారి టోపీ

మార్చి 4, 1974
డ్రైవింగ్ టెస్ట్ మళ్ళీ పోయింది. ఐదోసారి. రివర్స్ చేస్తూ పేవ్‌మెంట్ ఎక్కించాను. ఏప్రిల్ ఆఖరుతో మా ఊరి బస్సు ఆగిపోతుంది. పోయిన నా భర్త ఆర్థర్ కారు గరాజ్‌లో ఉంది. లైసెన్స్ రాకపోతే నేనూ దాని పక్కనే కూర్చోవాలి.

మార్చి 5
ఆర్థర్ వాళ్ళ అన్నగారు విల్ఫ్ టీకి వచ్చారు. నువ్వు గనక పాసైతే చూడు మేవిస్, నా టోపీ నేనే తినేస్తా అన్నారు. నేను చేసిన కేకు నములుతూనే! ఒళ్ళు మండిపోయింది.

మార్చి 9
లైబ్రరీకి వెళ్ళి, అక్కడ పనిచేసే మిస్ పార్జెటర్‌ని అడిగాను. చచ్చినా జరగదనుకున్నప్పుడు టోపీ తింటానంటారు, సరే. అసలు ఈ మాట మొదట అన్న మహానుభావుడెవరు? ఆవిడ మూడు లావు పుస్తకాలు తిరగేసింది. నూట యాభై ఏళ్ళకు పైగా అంటున్నారట, ఎవరు మొదలెట్టారో తెలియదట. పూర్వం గుడ్లు, దూడమాంసం, ఖర్జూరాలతో ‘టోపీ’ అనే వంటకం ఉండేదని కొందరంటారట. అవన్నీ కోతలండీ, నమ్మకండి అంది. నిజంగా తిన్నవాళ్ళున్నారా అన్నాను. పుస్తకాల్లో లేరట.

మార్చి 23
కారులో నా పక్కన లైసెన్స్ ఉన్నవాళ్ళు కూర్చోవాలి కదా. ఎవరొచ్చారు? విల్ఫ్ బావగారే! రోజూ వస్తున్నారు. క్లచ్చమ్మా, క్లచ్చు, దాన్ని తొక్కమన్నాను గానీ చంపమన్నానా అని ఒకటే అరుపులు. నేను పాసైతే ఇరుక్కునేది మీరే కదా అన్నాను. టోపీ నాది, పళ్ళు నావి, నీకెందుకు, రోడ్డు చూడు అన్నారు.

ఏప్రిల్ 6
మాంసం కొట్టతను బావగారిని ఆపి, టోపీలోకి ఆవముద్ద పంపనా అని అడిగాడు. ఊరంతా తెలిసిపోయింది. పాసవ్వాలని ఇప్పుడు నాకంటే వాళ్ళకే తొందరగా ఉంది.

ఏప్రిల్ 16, ఉదయం 7
ఇవాళే మళ్ళీ టెస్ట్. కారు అద్దాలు రెండోసారి తుడిచొచ్చాను.

సాయంత్రం 4
పాస్! పాస్! పాస్!

ఏప్రిల్ 17
భోజనానికి పిలిచాను. పందెం మర్చిపోండి బావగారూ అన్నాను. వినలేదు. టోపీ అంచు కత్తెరతో గోరంత కత్తిరించి, గ్రేవీలో ముంచి, నమిలారు, నమిలారు, మింగారు. ఉప్పు తగ్గింది అన్నారు. పడీ పడీ నవ్వాను. తర్వాత ఏడ్చాను కూడా. ఆర్థర్ ఉంటే ఎంత బాగుండేది. బావగారు నా ప్లేటు కడిగి పెట్టారు.

ఏప్రిల్ 20
బావగారికి కొత్త టోపీ కొందామని స్కిప్టన్ టౌనుకి వెళ్ళాం. డ్రైవింగ్ నేనే. వచ్చే నెల లండన్ దాకా నేనే నడుపుతానన్నాను. దుకాణంలో ఆయన ఒక్కో టోపీనీ వాసన చూశారు.