గంధకం బ్యాటరీ ముందు కొబ్బరికాయ

ఇబ్రహీంపట్నం

చెల్లె యమునకు, నేను, నీ బిడ్డ స్వప్న ఇక్కడ క్షేమం. ఫోన్‌ల నువ్వు నన్ను మాట్లాడనియ్యవని కార్డు రాస్తున్న.

గంధకంతోని పనంటే ప్రమాదమని, చూసొచ్చి స్వప్నతోని ఉద్యోగం మాన్పించమంటివి. పిల్ల పనిచేసే రావిర్యాల బ్యాటరీల కంపెనీకి పోయిన. చిన్నప్పుడు గజ్జి లేస్తే అమ్మ మనకు రాసిన గంధకమే అది, నువ్వు ఏడ్చి వాడంత లేపేదానివి. దానికి ఉప్పులకెల్లి తీసిన సోడియం జతచేసి, మరిగే నూనెకంటె వేడిగ కరిగించి, పగటి ఎండతోని పుట్టిన కరెంటును రాత్రికి దాస్తున్నరు. సరుకు చవకదే, తెలివే మస్తు ఖరీదు.

కొత్త బ్యాటరీ కదా అని నేను కొబ్బరికాయ ఎత్తిన. స్వప్న పెద్దసార్ల ముందే నా చేతులకెల్లి గుంజుకున్నది. "మామా, లోపల సోడియం ఉన్నది! నీళ్లు తగిలితే భగ్గుమంటది. గేటు బయట కొట్టుపో!" మేనమామ అని కూడ మొహమాటపడని పిల్ల, నిప్పు దగ్గర ఏమరుతదా?

మీ బర్రె ఈనిందా? బావ మోకాలు ఎట్లున్నది? వచ్చేటోళ్లతోని జర చింతతొక్కు పంపు.

"అమ్మ ఏమన్నది మామా?" అని పిల్ల బుగులుగ అడిగింది. "ధైర్యంగ చెయ్యమన్నది" అని, నిన్ను అడగకుండనే, నీ మాటగ చెప్పేసిన. ఫోన్ చేస్తది, నా మాట నిలబెట్టు. తల్లీబిడ్డలకు నా దీవెన.

నీ అన్న,
సైదులు