ఇటుక రంగు

4 డిసెంబర్ 1967, సోమవారం

లాబ్‌కు కొత్త డాక్టరమ్మ వచ్చింది. రేణుకమ్మ. పాథాలజీ చదివిందట, వెల్లూరుల ట్రైనింగ్ అయిందట. ముప్పై ఏండ్లు గూడ ఉండయి. నేను ఈ ట్రస్టు దవఖానల చేరి పద్నాలుగేండ్లాయె. గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించినట్టున్నది.

వచ్చుడు వచ్చుడే రూల్స్. రోజు పొద్దుగాల పేషెంట్ల యూరిన్ ముట్టకముందే రెండు టెస్టులు చెయ్యాల్నట. ఒకటి ఉత్త నీళ్లకు, ఇంకోటి ఆమె గ్లూకోజ్ కలిపిచ్చిన నీళ్లకు. దాన్ని కంట్రోల్ అంటరట. రెండు రిజల్టులు రాసి సంతకం పెట్టినంకనే పేషెంట్ల పని. కంట్రోల్ తప్పితే ఆ రోజు ఒక్క రిజల్ట్ గూడ బయటికి పోవద్దట. మీ చెయ్యి మీద నమ్మకం లేక కాదు రామ్‌దాస్ గారూ, ఎవరి చెయ్యి మీదా నమ్మకం పెట్టుకోవద్దనే ఈ పద్ధతి అన్నది. నవ్వుకుంటనే అన్నది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మా కంఠేశ్వర్ గల్లీలల్ల ఎవ్వలనన్న అడుగుమను. రామ్‌దాస్ చూసి చెప్పిండంటె ఇంక తిరుగు లేదంటరు.

5 డిసెంబర్

నీళ్లకు టెస్ట్ చేసిన. నీళ్లల్ల షుగర్ లేదు. సంతకం పెట్టిన. శాస్త్రం మస్తు ముందటికి పోయింది.

13 డిసెంబర్, బుధవారం

ఫ్యాక్టరీల చెరుకు క్రషింగ్ మొదలైనకాడి నుంచి బోధన్ దిక్కు పల్లెలోళ్లు బాగ వస్తున్నరు. బండ్ల మీద చెరుకు దించుడు, అట్నుంచి అటే బస్సెక్కి దవఖానకు వచ్చుడు.

ఇయ్యాల భూమన్న అని ఒకాయన వచ్చిండు. నలభై ఐదేండ్లుంటయి. మంజీర దిక్కు పల్లె, నాలుగెకరాల చెరుకు. చెరుకు మోడు గుచ్చుకొని కాలికి పుండైంది, మానుతలేదు. పెద్ద డాక్టర్ చంద్రయ్య సారు షుగర్ చూడుమని నా దగ్గరికి పంపిండు. ఎన్క పెండ్లాం నాగవ్వ. చేతుల సీసా, మూతికి గుడ్డపేలిక.

డాక్టరమ్మ పక్కనే నిలబడ్డది. మరిచిపోయిందేమోనని పాఠం నేనే చెప్పిన. బెనెడిక్ట్ మందు నీలంగుంటది. దాంట్ల ఎనిమిది చుక్కల యూరిన్ ఏసి మరగబెట్టాలె. షుగర్ లేకుంటె నీలం నీలమే. ఉంటె ఆకుపచ్చ, ఆ మీద పసుపు, మరీ ఎక్కువుంటె ఇటుక రంగు. భూమన్నది ఒక్క పొంగుకే ఇటుక రంగయింది. సీసా కిటికీల పెట్టిన్నో లేదో చీమలు బారుగట్టినయి. చీమలే సాక్ష్యం చెప్తున్నయి మేడం, ఇంక కంట్రోల్ ఎందుకు అన్న. ఆమె నవ్వలే.

దవఖానల సీసాలు లేవా, ఇంటినుంచి ఎందుకు తెస్తున్నరు అని అడిగింది. ఉన్నయి, అరవై. బీరువల ఉన్నయి, చాబి నా దగ్గరున్నది. చేతికిస్తె వాపసు రావు, పలుగుతయి, స్టాక్ చూసేటోళ్లు వస్తె జవాబు చెప్పాల్సింది నేను. పద్నాలుగేండ్లల్ల ఒక్క సీసా తక్కువ పడలే. గర్వంగనే చెప్పిన.

చంద్రయ్య సారు భూమన్నకు షుగర్ దించే గోలీలు రాసిండు. అన్నం బంద్, బెల్లం బంద్. పోయేటప్పుడు నాగవ్వను ఆపి నేను ఇంకింత గట్టిగ చెప్పిన. బెల్లం అంటె ఆయనకు విషమే, గుర్తుంచుకో అని. ఆమె మరువకుండ కొంగుకు ముడేసుకున్నది.

22 డిసెంబర్

మోసం. నిన్న ఎర్రన్న అని లేబుల్ ఉన్న సీసా వచ్చింది, పసుపు అని రాసిన. ఇయ్యాల ఎర్రన్నదే ఇంకోటి వచ్చింది, ఆకుపచ్చ అని రాసిన. ఎర్రన్న అనేటోడే లేడట! రెండూ డాక్టరమ్మ కలిపిన ఒక్కటే నీళ్లట. నిన్న ఐదు నిమిషాలు మరగబెట్టిండ్రు, ఇయ్యాల జనం ఎక్కువున్నరని రెండు నిమిషాలకే దించిండ్రు, గడియారం పెట్టుకోండి అన్నది. అటెండర్ ముందట అన్నది.

ఇంటికొచ్చి తారాబాయి మీద అరిసిన. ఆమె బీడీలు చుట్టుకుంట తలెత్తకుండనే అన్నది: కంపెనీల మా కట్టలు గూడ ఇప్పి చూస్తరు, బాగలేనియి ఏరి పారేస్తరు, నేను ఎన్నడన్న ఇట్ల ఇల్లు పీకి పందిరేసిన్నా అని. కట్టుకున్న పెండ్లాం గూడ ఆమె దిక్కే.

10 జనవరి 1968, బుధవారం

భూమన్న మళ్లీ వచ్చిండు. సగమైండు. చేతులు వణుకుతున్నయట, చెమటలు వడుతున్నయట, బండి మీద కూసుంటె కండ్లు తిరుగుతున్నయట. అదే సీసా తెచ్చిండు. మళ్లా ఇటుక రంగే.

నాకు కోపమొచ్చింది. దొంగచాటుగ బెల్లం తింటున్నవా అని అడిగిన. ఒట్టు సారూ, మూడు పూటలు జొన్నరొట్టె, కారం, అంతే అన్నడు. నాగవ్వ ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేసింది. ఇంటి దొంగను ఈశ్వరుడు గూడ పట్టడు, చెరుకు తోటల ఈయన ఏం నములుతున్నడో నీకేమెరుక అన్న. బెంచి మీద పదిమంది ఇన్నరు. భూమన్న తలకాయ కిందికేసుకున్నడు.

చంద్రయ్య సారు నా రిజల్ట్ చూసి గోలీలు డబుల్ చేసిండు.

19 జనవరి

డాక్టరమ్మ మూడేండ్ల రిజిస్టర్లు ముందటేసుకొని కూసున్నది. టౌనోళ్లల్ల ఇరవై మందికి ఒక్కరిది ఇటుక రంగు. చెరుకు పల్లెలోళ్లల్ల నలుగురికి ఒక్కరిది. అది గూడ క్రషింగ్ నెలలల్లనే. ఎండకాలం వచ్చేసరికి మళ్లా దగ్గర దగ్గర అందరియి నీలమే. ఎందుకట్ల అని నన్ను అడిగింది.

వాళ్లు పొద్దు లేస్తె బెల్లమే తింటరు మేడం అన్న. మంచిగున్న మనిషి ఎంత బెల్లం తిన్నా యూరిన్‌ల రాదు గదా అన్నది. నిజమే. అది నాకు గూడ తెల్సు. ఈసారి కోపం రాలే, అదే భయమైతున్నది.

29 జనవరి, సోమవారం, సాయంత్రం 4

లాబ్‌లనే కూసొని రాస్తున్న.

పొద్దుగాల డాక్టరమ్మ చెరుకు పల్లెలోళ్లను ఐదుగురిని గేటు కాడనే ఆపింది. వాళ్ల సీసాలు ఖాళీగున్నప్పుడే తీస్కున్నది. నల్లా నీళ్లు పోసి, ఊపి, నా చేతికిచ్చింది. చేసిన. గడియారం పెట్టుకొని చేసిన. ఒకటి నీలం. ఒకటి పసుపు. మూడు ఇటుక రంగు.

నీళ్లకు!

వెంకటవ్వ అని ఒక ముసలామె, ఆమె సీసా గూడ అండ్లనే ఉన్నది. ఇది దేనికి వాడిండ్రు అవ్వా అని అడిగిన. బెల్లం పాకానికి బిడ్డా, క్రషింగ్‌ల ఇంటింట్ల సీసాలకు పట్టి పెట్టుకుంటం అన్నది. అడుగుకు గడ్డకట్టి కడిగినా పోనిది ఉంటది, అది తెచ్చినం. మంచి సీసా ఉచ్చకు ఎవ్వలిస్తరు అన్నది.

నేనే పోయి బీరువ తెరిసిన. అరవై సీసాలు, దుమ్ము పట్టి. భూమన్న సీసా మెడ కండ్ల ముందట్కి వచ్చింది. గోధుమ రంగు జిగురు, దాని మీద చీమలు.

30 జనవరి

ఈ సీజన్‌ల ఇటుక రంగు వచ్చిన చెరుకు పల్లెలోళ్లు ఇరవై మూడు మంది. అందరికీ కార్డులు రాయుండ్రి అన్నది డాక్టరమ్మ. రెండు ముక్కలు: గోలీలు వెంటనే ఆపుండ్రి, మళ్లీ టెస్టుకు రాండ్రి. చంద్రయ్య సారు మొదలు గులిగిండు, తర్వాత సరే అన్నడు.

ఇరవై రెండు కార్డుల మీద రెండు ముక్కలూ రాసిన. భూమన్న కార్డు మీద రెండోదే రాసిన.

ఎందుకంటె పదిమందిల నేను దొంగ అన్న మనిషి ఆయన. గోలీలు ఆపు అని రాస్తె, నాదే తప్పు అని రాసినట్టు. బడి పంతులు చదివి ఊరంత చెప్తడు. వచ్చినంక నోటితోని చెప్పుకుంట, అదే మర్యాద అనుకున్న. డాక్టరమ్మ కార్డులు చూడలే. మీరే పోస్టు డబ్బల ఏసిరాండ్రి అన్నది. ఎవరి చెయ్యి మీదా నమ్మకం వద్దన్న మనిషి నా చెయ్యిని నమ్మింది.

4 ఫిబ్రవరి, ఆదివారం

బోధన్ బస్సు ఇంటి ముందట్నుంచి రెండుసార్లు పోయింది. పోయి భూమన్నకు చెప్పొద్దామనుకున్న, ఎక్కలే. దొంగకు తేలు కుట్టినట్టున్నది.

9 ఫిబ్రవరి, శుక్రవారం

ఇప్పటికి పద్నాలుగు మంది వచ్చిండ్రు. కొత్త సీసాలల్ల పన్నెండు మందివి నీలం. ముత్తన్న అని భూమన్న ఊరాయన, ఆయనది గూడ నీలమే. ఉరికిపోయి జిలేబి తింట అన్నడు. భూమన్న ఏడి అని అడిగిన. మీకు తెల్వదా సారూ, మంగళవారం పాయె గదా అన్నడు.

యాడికి పోయిండు అని అడిగిన నేను. అంత మొద్దుబారింది బుర్ర.

11 ఫిబ్రవరి, ఆదివారం

ఇయ్యాల ఎక్కిన బస్సు. నాగవ్వ అరుగు మీద కూసున్నది. అస్థికలు కందకుర్తి కాడ నదిల కలిపి వచ్చిండ్రట. నన్ను చూసి లేసి పీట ఏసింది. దవఖాన సారు మా ఇంటిదాక వచ్చిండు అని ఏడ్చింది.

శనివారం కార్డు వచ్చిందట. పంతులు చదివిండట, మళ్లీ టెస్టుకు రమ్మన్నరని. షుగర్ ఇంకా పెరిగింది కావచ్చు, అందుకే రమ్మన్నరు అనుకున్నదట ఆమె. ఫ్యాక్టరీ ఇచ్చిన కోత వంతు నడుస్తున్నది, అది అయినంక పోదం అన్నడట ఆయన. అప్పటిదాక ఇంకింత కట్టుదిట్టం చెయ్యాలె అని రొట్టె సగం చేసిందట. గోలీలు తనే చేతిల పెట్టి మింగిపిచ్చిందట.

మంగళవారం పొద్దుగాల గానుగ కాడ పాకం ఉడుకుతున్నది. భూమన్నకు ఒళ్లంత చెమట. ఏందేందో మాట్లాడిండట. జర్రంత పాకం పోయవే, పానం గుంజుతున్నది అన్నడట. పక్కామె గిన్నెల పట్టుకొచ్చి నోటికాడ పెట్టింది. నాగవ్వ ఆ గిన్నె గుంజి పారవోసింది. సారు విషమన్నడు అని. పొద్దుగూకేటాలకు పానం పోయింది.

అంత చెప్పి నా మొకం దిక్కు చూసి అడిగింది. నేను మంచిగనే చేసిన గద సారూ? మీరు చెప్పినట్టే చేసిన గద?

మంచిగనే చేసినవమ్మా అన్న.

నా నోట్ల మన్ను వడ. మంచిగనే చేసినవ్, బెల్లం ఇయ్యకుండ మంచి పని చేసినవ్ అని రెండుసార్లు అన్న. ఆమె కండ్లు తుడుసుకున్నది. అన్నం తిని పో సారూ అన్నది.

14 ఫిబ్రవరి

డాక్టరమ్మకు కార్డు సంగతి చెప్పిన. నేను చదవాల్సింది, చదవలే అన్నది. రేపటి నుంచి బయటికి పోయే ప్రతి కాయితం ఇద్దరు చదువుతరట. ఉద్యోగం తీసేస్తరా అని అడిగిన. అది చంద్రయ్య సారు ఇష్టం, నాకు మాత్రం మీ అసొంటి మనిషి కావాలె, తన తప్పు తనే చెప్పుకున్న మనిషి అన్నది. తిడుతె బాగుండు. లాబ్ ఎన్క పోయి ఏడ్చిన.

16 ఫిబ్రవరి

ముత్తన్న వచ్చిండు. వాళ్లూర్ల గోలీలు రాసిపిచ్చుకున్నోళ్లు ఇంక ముగ్గురున్నరు. కార్డులు అందినయి, ఆపిండ్రు. ఇప్పుడు మళ్లా మింగుతున్నరట. నాగవ్వ ఇంటింటికి పోయి చెప్పిందట. కార్డు నమ్మకుండ్రి, లాబ్ సారు సొంతంగ మా ఇంటికొచ్చి చెప్పిండు, బెల్లం ఇయ్యకుండుడే మంచిదని, గోలీలు మాత్రం ఇడువకుండ్రి అని.

18 ఫిబ్రవరి, ఆదివారం

నాగవ్వకు చెప్పిన. ఆయనకు షుగర్ లేకుండె, అది సీసాది, గోలీలు ఒంట్ల ఉండాల్సిన షుగర్‌ను గూడ గుంజినయి. గోలీలు ఆపుమని రాయంది నేను. ఆ రోజు పాకం తాగిపిస్తె లేస్తుండెనా అని అడిగింది. లేస్తుండె అన్న.

నాగవ్వ చానాసేపు చేతులు చూసుకున్నది. లేసి, ఆ ముగ్గురి ఇండ్లు చూపెడ్త పా అన్నది.

మొదటి ఇంటి కాడ ఆమెనే మాట్లాడింది. నా పెనిమిటిని నేనే సంపుకున్న, మీరు గట్ల చెయ్యకుండ్రి అన్నది. పక్కనే ఉన్న. ఆమె కాదు, నేను అనే మాట నోట్లెకెళ్లి రాలే.

రెండో ఇంటి కాడ వచ్చింది.